కొత్తది పెడితే పాతది తీయాలి

వడ్రంగి ఇంట్లో, ముందుగది కిటికీ కింద, పొట్టి అద్దాల పెట్టె ఒకటి ఉంది. అందులో ఏడు గూళ్ళు. ఏడంటే ఏడే. ఆ పెట్టెకి ఒక చట్టం కూడా ఉంది: కొత్తది పెడితే పాతది తీయాలి.

చట్టం చేసింది వడ్రంగి భార్య. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. సెలవురోజున మిషను మీద గుడ్డ కప్పేసి, ఇద్దరు కూతుళ్ళనీ బల్ల ముందు కూర్చోబెట్టి, అట్టముక్కలతోనో మట్టితోనో గుడ్డపేలికలతోనో ఏదో ఒకటి చేయిస్తుంది. చేయించడం వరకూ బాగానే ఉంది. చేసినవాటిని పారేయనిస్తేనా! అట్ట ఏనుగుకి తొండం ఊడి నెల అయినా సరే, అమ్మ చీపురు పట్టుకుంటే చాలు, ఇద్దరూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవారు. ఇల్లు కాస్తా గోదాము అయ్యేసరికి వడ్రంగి పెట్టె చేసిచ్చాడు, ఆవిడ చట్టం చేసింది. ఎనిమిదేళ్ళ పెద్దది దానికి సవరణలు చేసింది. విరిగినదాన్ని ముందు తీయాలి. తీసినదాన్ని నాన్న బాగుచెయ్యాలి. ఈ పెద్దదాన్ని ఇంట్లో అందరూ లాయరు అంటారు, అలా పిలిస్తేనే పలుకుతుంది. ఐదేళ్ళ చిన్నది బుడంకాయ. అది సవరణలు చెయ్యదు, చెప్పింది చెప్పినట్టు పాటిస్తుంది. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ పెట్టె గురించి ఇంకో మాట ఉంది. అది వడ్రంగి ఎవరికీ చెప్పని మాట. అతను పనిచేసేది ఒక చిన్న మ్యూజియంలో. రెండేళ్ళుగా తాత్కాలికపు ఉద్యోగం. వచ్చేవారం దాన్ని ఖాయం చేస్తూ కాగితం రావాలి. అక్కడ మట్టిబొమ్మల గదిలోని పదకొండు అద్దాల పెట్టెలూ అతని చేతివే. పిల్లలకి అందేలా పొట్టిగా చేయమన్నారు, చేశాడు. ముందువైపు తాళాలు వేలాడితే బాగోదన్నారు, ఉపాయం పన్నాడు: పెట్టె అడుగున ఎడమ మూల చిటికెనవేలంత కొయ్యచీల. దాన్ని కిందికి లాగితే అద్దం పక్కకి జరుగుతుంది. పెద్దవాళ్ళు నడుం వంచితే గానీ ఆ చీల కనపడదు. పిల్లలకి ముక్కు కిందే ఉంటుంది. ఈ సంగతి అతనికి ఇప్పటిదాకా తట్టలేదు.

చీల ఉన్నట్టు మ్యూజియం మేడమ్‌కీ, ఆ గది కాపలా చూసే అక్కకీ, అతనికీ తప్ప నరమానవుడికి తెలియకూడదని మేడమ్ మొదటిరోజే చెప్పింది. అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు గానీ, పారేయమన్న చెక్కముక్కలు అడిగి తెచ్చుకుని ఇంటికి పెట్టె చేస్తున్నప్పుడు చెయ్యి దానంతటదే ఆ కొలతలు వేసింది, ఆ చీలే పెట్టింది. నోటిని అదుపులో పెట్టుకున్నవాడు చేతిని పెట్టుకోలేకపోయాడు.

ఆ ఆదివారం పొద్దున అతను ఇంటిల్లిపాదినీ మొదటిసారి మ్యూజియానికి తీసుకెళ్ళాడు. తన పని వాళ్ళు చూడాలని ఎన్నాళ్ళనుంచో ఉబలాటం. లాయరు కత్తుల గదిలో ఆగి, "ఈ కత్తి రాజుదైతే వాళ్ళ పిల్లలకి ఇవ్వకుండా ఇక్కడెందుకు పెట్టారు? కాగితం రాసిచ్చారా?" అని కనిపించినవాళ్ళనల్లా నిలదీసింది. బుడంకాయ మాత్రం ఒక చెయ్యి గౌను జేబులోంచి తియ్యలేదు. జేబులో నిన్న తను చేసి ఎండబెట్టిన మట్టిగుర్రం ఉంది. దానికి ఊరు చూపిస్తోందట.

మట్టిబొమ్మల గదిలో మూడో పెట్టె దగ్గర అది కాళ్ళు పాతేసింది. లోపల బొటనవేలంత మట్టిగుర్రాలు ఏడు. ఎక్కడో తవ్వితే బయటపడ్డవి. వెయ్యేళ్ళ కిందట ఎవరో పిల్లలు ఆడుకున్నవని కింద చీటీ మీద రాసి ఉంది. ఏడోదానికి మూడే కాళ్ళు.

"దీని కాలేదీ?" అంది బుడంకాయ.

"విరిగిపోయిందమ్మా."

"మరి ఎవరు బాగుచేస్తారు?"

"ఇంకెవరు? మీ నాన్నే!" అన్నాడు వడ్రంగి నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుని మధ్యాహ్నానికల్లా తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది అతనికి.

అప్పుడే లాయరుకి బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది, తల్లి తీసుకెళ్ళింది. కాపలా అక్క తన స్టూలు కిర్రుమంటోందని చెప్పింది. ఆవిడ ఆ గదిలో పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం మూసేముందు ఒకసారి, ప్రతి పెట్టె అద్దం మీదా వేలు ఆనిస్తూ బొమ్మలన్నీ లెక్కపెట్టి పుస్తకంలో సంతకం పెడుతుంది. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదని మ్యూజియంలో చెప్పుకుంటారు. వడ్రంగి స్టూలు తిరగేసి అతుకు చూశాడు. ఇద్దరూ దాని మీద వంగారు. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. తలెత్తేసరికి బుడంకాయ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది.

"ఎంత బుద్ధిమంతురాలయ్యా నీ కూతురు! ఒక్క పెట్టె ముట్టుకోలేదు," అంది అక్క. తండ్రి పొంగిపోయాడు.

ఇంటికొచ్చి, అన్నాలు తిని, వడ్రంగి కాస్త నడుం వాల్చాడు. లేచేసరికి మూడుంపావు. బల్ల మీద గుడ్డపేలికలు పరుచుకుని లాయరు ఏదో అతికిస్తోంది. గిన్నెలో జిగురు ఇంకా వెచ్చగా ఉంది. కిటికీ గట్టు మీద, ఎండ పడేచోట, ఒక మట్టిగుర్రం ఆరుతోంది. అతను దాని పక్కనుంచే వెళ్ళి మంచినీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టేస్తూ మళ్ళీ చూశాడు.

మూడు కాళ్ళు ఎండుటాకు రంగులో ఉన్నాయి. నాలుగోది నల్లగా, తడితడిగా, చిన్న వేలిముద్రతో సహా ఉంది.

అతని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ గుర్రం అతనికి తెలుసు. మెడ కింద గీత తెలుసు, వీపు మీద సొట్ట తెలుసు. దాన్ని నిలబెట్టే దిమ్మకి తనే మూడుసార్లు గరుకు కాగితం పట్టాడు.

"బుడంకాయా, ఇలా రా. ఇదెక్కడిదే?"

"నాదే."

"నువ్వు చేసిన గుర్రం ఏదీ?"

"పెట్టెలో పెట్టేశా."

ఇంట్లో పెట్టెకేసి చూశాడు. ఏడు గూళ్ళలోనూ ఏనుగూ, పడవా, గుడ్డబొమ్మా, ఇంకేవేవో ఉన్నాయి. గుర్రం లేదు.

"ఏ పెట్టెలో?"

"నువ్వు చేసిన పెద్ద పెట్టెలో నాన్నా, అక్కడ." పిల్ల ముఖం వెలిగిపోతోంది. "కొత్తది పెడితే పాతది తీయాలిగా. విరిగింది ముందు తీయాలిగా. నువ్వు బాగుచేస్తానన్నావుగా. నువ్వు పడుకున్నావని నేనే చేసేశా."

మూడు 'గా'లూ మూడు మేకుల్లా దిగాయి.

భార్య వంటగదిలోంచి వచ్చి, మొగుడి ముఖం చూసి, తర్వాత గట్టు మీద చూసి, చేతిలో గుడ్డ కింద పడేసింది. "ఏమండీ, ఇది... అదేనా?"

"అదే."

"ఇది దొంగతనం కాదు నాన్నా," అంది లాయరు కత్తెర పక్కన పెట్టి. "మార్పిడి. ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చింది."

"నువ్వు నోరుముయ్యి," అన్నారు తల్లీతండ్రీ ఒక్కసారే.

అతను గుర్రాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. కొత్త కాలిని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపాడు. పాత మట్టి చిటికెడు పొడిగా రాలి చేతిలో పడింది.

"లాగకండి! పాతది కూడా ఊడొస్తుంది!" అంది భార్య.

వదిలేశాడు. గడియారం చూశాడు. అయిదింటికి మూసేస్తారు, నాలుగున్నరకి అక్క లెక్క మొదలుపెడుతుంది. మధ్యాహ్నం లెక్క అప్పటికే అయిపోయి ఉంటుంది. ఏమీ తెలిసినట్టు లేదు, తెలిస్తే ఈపాటికి కబురొచ్చేది. ఏడు ఉండాలి, ఏడు ఉన్నాయి. ఇంకొక్కసారి వేలు ఆనించి ఆవిడ ముఖం పెట్టి చూసిందంటే మాత్రం అయిపోయినట్టే. పెట్టె పగల్లేదు, అద్దం చెదరలేదు, చీల తెలిసినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఆదివారం సెలవు చూసుకుని, పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని, ఆ గదిలోనే తిరిగినవాడు ఒక్కడు. దొంగ ఎవరని దండోరా వేయించక్కర్లేదు. ఖాయం కాగితం సంగతి దేవుడెరుగు, ఇక ఆ పేరుతో ఎవరింటి గుమ్మం తొక్కినా ఉలి పట్టనివ్వరు.

"వెళ్ళి మేడమ్‌కి చెప్పేద్దాం," అంది భార్య.

"చెప్పి? పెట్టె పిల్లకెలా తెరుచుకుందంటుంది. ఏం చెప్పను? మా ఇంట్లోనూ అదే పెట్టె ఉందండీ, రోజూ తీసి వేసి ఆడుకుంటారండీ అననా?"

"మరేం చేస్తారు?"

"తీసిన చోటే పెట్టేస్తా. కాలు గోడవైపు తిప్పితే ఎవరికీ కనపడదు. రేపు పనిలోకి వెళ్ళాక ఎవరూ చూడకుండా ఊడదీస్తా."

"రేపు ఊడదీసేటప్పుడు ఎవరైనా చూస్తే ఇంకోటి చెప్తారు. దానికి తోడు మరోటి." ఆవిడ గొంతు తగ్గించింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అండీ."

"తొక్కింది నేనా?" అన్నాడు. అని, తొక్కింది తనేనని తెలిసి తల దించుకున్నాడు.

ఆవిడ ఇంక వాదించలేదు. దారపు కండెల డబ్బా ఖాళీ చేసి, అడుగున దూది పరిచి, గుర్రాన్ని పడుకోబెట్టి మూతపెట్టి ఇచ్చింది. అతను బుడంకాయ చెయ్యి పట్టుకున్నాడు. ఒంటరిగా వెళ్తే నాలుగు దాటాక గేటు దగ్గర ఎందుకొచ్చావంటారు. పిల్ల ఉంటే సాకు ఉంటుంది. బయల్దేరుతూ దాని తలమీది పసుపు టోపీ తీసి తన చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. డబ్బాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా డబ్బాని కాస్త పైకెత్తి పట్టుకునేవాడు. ఎదురుసీట్లో ఎవరో గుర్రం అన్నట్టు వినిపించి ఉలిక్కిపడ్డాడు. వాళ్ళేదో పందేల గురించి మాట్లాడుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కాబోలు.

"నాన్నా, నా టోపీ."

"చూడమ్మా, అక్కడికి వెళ్ళాక నా టోపీ పోయింది, వెతుక్కోవడానికొచ్చాం అని చెప్పాలి. సరేనా?"

"పోలేదుగా. నీ జేబులో ఉంది."

"ఉంది. కానీ పోయిందని చెప్పాలి."

"ఎందుకు?"

"ఆట," అన్నాడు.

"ఆటలో ఎవరు గెలుస్తారు?"

"ముందు సరిగ్గా చెప్పు, తర్వాత చెప్తా."

"నా టోపీ పోయింది," అని కిసుక్కున నవ్వేసింది బుడంకాయ.

"నవ్వకూడదు. నిజంగా పోతే నవ్వుతావా?"

రెండోసారి నవ్వలేదు గానీ అతని జేబుకేసి చూసింది. జేబుకేసి చూడకూడదన్నాడు. మూడోసారి తల కిందికి దించి, కింది పెదవి ముందుకు పెట్టి, "నా టోపీ పోయింది," అంది. పక్క సీట్లో పెద్దాయన "అయ్యో పాపం" అన్నాడు. వడ్రంగికి ఊరటగా అనిపించింది. తర్వాత ఆ ఊరటే అతన్ని ఎక్కువ కాల్చింది.

గేటు దగ్గరికి చేరేసరికి నాలుగూ పది. టికెట్లు ఆపేశారు. గేటు తాత కుర్చీలోంచే చెయ్యి అడ్డంపెట్టాడు. "సెలవురోజున రెండుసార్లా? లోపల పరుపు వేశారేంటయ్యా నీకు?"

వడ్రంగి నోరు తెరిచేలోపు బుడంకాయ తల దించింది. "నా టోపీ పోయింది తాతా."

"అరెరె, నా బంగారం! వెళ్ళండి, వెళ్ళండి. దొరక్కపోతే నాకు చెప్పు, నేను చూసిపెడతా."

మెట్లెక్కారు. కత్తుల గది దాటారు, నాణేల గది దాటారు. మట్టిబొమ్మల గదిలో జనం లేరు. కాపలా అక్క స్టూలు మీద కూర్చుని, లెక్కపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీస్తోంది.

"ఏం తమ్ముడూ, మళ్ళీ వచ్చావు?"

"నా టోపీ పోయింది పెద్దమ్మా," అంది బుడంకాయ. ఈసారి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఎక్కడ తెచ్చుకుందో ఆ దేవుడికే తెలియాలి.

"అయ్యో తల్లీ! ఏ రంగు?"

"పసుపు."

అక్క పుస్తకం పక్కన పెట్టి లేచింది. మోకాళ్ళు నొప్పులు ఆవిడకి. గోడ పట్టుకుని ఒక్కో కాలే మడిచి, నేలమీద చేతులానించి, మొదటి పెట్టె కిందికి తొంగిచూసింది. వీపు ఇటువైపు. ఇంతకంటే మంచి అదను దొరకదు.

వడ్రంగి మూడో పెట్టె ముందు కూర్చున్నాడు. లోపల ఆరు పాత గుర్రాల చివర అతని కూతురి గుర్రం మెడ వంకర పెట్టుకుని నిలబడి ఉంది. చెవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రంగు మాత్రం కలిసిపోయింది. చీల మీద వేలు పెట్టి లాగాడు. చప్పుడు లేకుండా వచ్చింది, తను చేసిన పని మరి. అద్దం ఒక అంగుళం జరిగింది. డబ్బా మూత తీశాడు. కొత్త కాలు ఎటువైపు ఉందో చూసుకున్నాడు.

"ఇక్కడ లేదు పెద్దమ్మా. అటువైపు కూడా చూడు," అంటోంది బుడంకాయ.

అతను వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల గొంతుక్కూర్చుని రెండో పెట్టె కింద వెతుకుతోంది. మూలమూలకీ తల పెట్టి చూస్తోంది. కళ్ళు తుడుచుకుంటోంది. ఒక్కసారి, పొరపాటునైనా, నాన్న జేబుకేసి చూడడం లేదు. దాని పక్కనే అక్క రొప్పుతూ, పాకుతూ, "నీ టోపీ దొరికేదాకా నేను లేవను తల్లీ, ఏడవకు," అంటోంది.

వడ్రంగికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్ళంతా మంటపుట్టినంత సిగ్గు. పొద్దున ఇదే గదిలో ఈ పిల్ల ఒక పెట్టె తెరిచింది, ఒక బొమ్మ పెట్టింది, ఒకటి తీసింది. దానికి దాచడం తెలియదు. అడగ్గానే ముఖం వెలిగించుకుని చెప్పింది. దాచడం ముప్పావుగంటలో బస్సులో తను నేర్పాడు. నవ్వకూడదని నేర్పాడు, జేబుకేసి చూడకూడదని నేర్పాడు. పిల్ల మూడోసారికే నేర్చేసుకుంది. గుర్రాన్ని తీసిన చోట పెట్టెయ్యొచ్చు. దీన్ని ఎక్కడ పెట్టాలి?

"అక్కా, లేవండి," అన్నాడు. "టోపీ పోలేదు. నా జేబులో ఉంది."

అక్క మోకాళ్ళ మీదే తిరిగి చూసింది. అతని జేబులోంచి పసుపురంగు తొంగిచూస్తోంది. తెరిచిన అద్దం కనపడింది. డబ్బా కనపడింది. బుడంకాయ మాత్రం నోరు తెరిచేసింది. "నాన్నా, చెప్పకూడదన్నావుగా!"

అతను అక్క చెయ్యి పట్టుకుని లేపి స్టూలు మీద కూర్చోబెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతను ఆగాక ఆవిడ లేచి మూడో పెట్టె దగ్గరికి వెళ్ళి, చివరి గుర్రం ఎదుట అద్దం మీద వేలు ఆనించి చాలాసేపు నిలబడింది.

"మధ్యాహ్నం దీన్ని కూడా లెక్కపెట్టాను," అంది. "ఏడు అని రాసి సంతకం పెట్టాను. తలకాయలు లెక్కపెట్టాను గానీ ముఖం చూళ్ళేదు."

"తప్పు నాదక్కా."

"నీదే. నువ్వు పెట్టేసి వెళ్ళిపోతే నాకు తెలిసేది కాదు. నేల మీద పాకిస్తే పాకేదాన్ని." కళ్ళు ఎర్రబడ్డాయి. "నన్ను పిచ్చిదాన్ని చేద్దామనే వచ్చావు కదూ తమ్ముడూ?"

అతను అవునన్నాడు. ఆవిడ మేడమ్‌ని పిలుచుకురావడానికి వెళ్ళింది.

మేడమ్ చెవిమీద పెన్సిలు తీయకుండానే వచ్చింది. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడదు. గుర్రాన్ని తన గదికి తీసుకెళ్ళి తెల్లగుడ్డ మీద పెట్టి, భూతద్దంలోంచి చూసింది. వడ్రంగి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏం జిగురు పెట్టారు?" అంది.

ఆ సంగతి అతను ఇంట్లో అడగనే లేదు.

"దుకాణంలో దొరికే గట్టి జిగురైతే దీన్ని విడదీయలేం. పాత మట్టి పట్టుకుని వచ్చేస్తుంది. చెప్పండి."

"మైదా," అంది బుడంకాయ అతని కాళ్ళ వెనకనుంచి. "మైదా, నీళ్ళు. అమ్మ ఉడకబెట్టింది. కొన్న జిగురు మేం నోట్లో పెట్టుకుంటామని అమ్మ తేదు."

మేడమ్ భూతద్దం కింద పెట్టి కళ్ళు మూసుకుని తెరిచింది. "మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు," అంది.

సన్నటి కుంచె నీళ్ళలో ముంచి అతుకు చుట్టూ రాస్తూ కూర్చుంది. రాయడం, ఆగడం, చూడడం, మళ్ళీ రాయడం. గోడ గడియారంలో అయిదు కొట్టింది. బయట తలుపులు మూస్తున్న చప్పుళ్ళు వినిపించాయి. ఆఖరికి నల్లటి కొత్త కాలు కొద్దిగా జారి, పక్కకి ఒరిగి, గుడ్డ మీద పడింది. కింద పాత విరుపు చాలావరకూ అలాగే ఉంది. ఒక అంచున మాత్రం ఆవగింజంత కొత్తగా రాలింది.

"ఇది?" అంది మేడమ్.

"అది నేను కదిపినప్పుడు రాలిందండీ. పిల్ల కాదు."

ఆవిడ తలూపింది. ఆ తర్వాత అతను భయపడ్డ ప్రశ్నే అడిగింది. "పెట్టె ఎలా తెరిచింది?"

ఇంటి పెట్టె సంగతి, మిగిలిన చెక్క సంగతి, అదే కొలతల సంగతి, చీల సంగతి అన్నీ చెప్పాడు. చెబుతుంటే ఒక్కో మాటా నోట్లోంచి ముల్లు తీసినట్టుంది. మేడమ్ పెన్సిలు తీసి రాసుకుంది.

"నేను దాచలేను. పైకి పంపాలి."

"దాచొద్దండీ."

"మీ కాగితం సంగతి నా చేతుల్లో ఉండదు ఇక."

"తెలుసండీ."

"పదకొండు చీలలకీ ఇప్పుడే మరలు బిగించి వెళ్ళండి. రేపు పిల్లల బడి ఒకటి వస్తోంది."

అరగంటలో బిగించాడు. తను అంత ముచ్చటపడి చేసిన చీలల్లోకి తన చేత్తోనే ఇనుప మరలు దింపాడు. కాపలా అక్క మరల డబ్బా పట్టుకుని వెంట నడిచింది, మాట్లాడకుండా ఒక్కొక్కటీ అందించింది. మూడో పెట్టెలో మేడమ్ పాతదాన్ని తిరిగి నిలబెట్టి బుడంకాయదాన్ని తీశాక, అక్క ఏడు గుర్రాలనీ పేరుపేరునా పలకరించినట్టు వంగి చూసి, పుస్తకంలో మధ్యాహ్నపు సంతకం కొట్టేసి, పక్కన ఏదో రాసి, కొత్త సంతకం పెట్టింది. పదకొండోది అయిపోయాక, "స్టూలు ఇంకా కిర్రుమంటోంది," అంది ఎటో చూస్తూ.

"రేపు చూస్తానక్కా. నన్ను రానిస్తే."

మేడమ్ బుడంకాయ గుర్రాన్ని దాని చేతిలో పెట్టింది. పేచీ పెడుతుందేమోనని వడ్రంగి భయపడ్డాడు. అది పెట్టలేదు. "పాతది మళ్ళీ పెట్టేశారుగా. అయితే కొత్తది తీసేయాలి," అని గౌను జేబులో వేసుకుంది.

ఇద్దరూ మెట్లు దిగారు. గేటు తాత తాళంచెవుల గుత్తి పట్టుకుని వాళ్ళకోసమే కాచుకుని ఉన్నాడు.

"ఏం బంగారం, టోపీ దొరికిందా?"

బుడంకాయ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. మధ్యాహ్నం దాకా ఎవరేమడిగినా అడిగినవాళ్ళు ముగించేలోపే జవాబు చెప్పిన పిల్ల, ఇప్పుడు తలెత్తి నాన్న ముఖంలోకి చూసింది. ఏం చెప్పమంటావని ఆ చూపు. పైవాళ్ళ కాగితం ఎలా వచ్చినా భరించొచ్చనుకున్నవాడు ఆ చూపు భరించలేకపోయాడు.

మోకాళ్ళ మీద కూర్చుని జేబులోంచి టోపీ తీసి దాని తలకి పెట్టాడు. "అసలు పోలేదు తాతా," అన్నాడు. "నా జేబులోనే ఉంది. అబద్ధం చెప్పమన్నది నేను. పిల్లది తప్పులేదు."

తాతకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తాళంచెవులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని గేటు తీశాడు.

బస్సు స్టాపు దాకా నడిచారు. బస్సు దూరంగా కనిపించాక బుడంకాయ అతని వేలు లాగింది. "నాన్నా, ఆట అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మరి నువ్వు చెప్పింది నిజమేగా? ఇప్పుడు తాతకి చెప్పింది?"

"నిజమే," అన్నాడు. పిల్ల వెంటనే నమ్మలేదు. ముందు అతని ముఖం చూసింది, తర్వాత చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఖాళీగా ఉందో లేదో చూసుకుంది.